నీళ్ళు అడగని గడ్డి



సోషల్ పుస్తకంలో సమశీతోష్ణ గడ్డిభూములకు ఖండానికొక పేరు ఉంటుంది. ఉత్తర అమెరికాలో ప్రెయిరీలు, దక్షిణ అమెరికాలో పంపాలు, ఆసియాలో స్టెప్పీలు, దక్షిణాఫ్రికాలో వెల్డులు, ఆస్ట్రేలియాలో డౌనులు. జతపరచుములో వస్తుంది కాబట్టి అందరం బట్టీ పట్టాం. కాని ఆ ప్రెయిరీలో మొలిచేది ఏం గడ్డి, ఎట్లా ఉంటది, పశువులు తింటయా అని ఎవరమూ అడగలేదు, ఎందుకంటే దానికి మార్కులు లేవు.

ఇప్పుడు అడగాల్సి వచ్చింది. మన హాస్టల్ ముందు జాగాలో పోయిన జూన్‌లో వేసిన పచ్చిక మార్చి వచ్చేసరికి పాత చాప లాగా అయిపోయింది. రోజూ పైపు పెడితే బోరు నీళ్ళు మన స్నానాలకు చాలలేదు, పెట్టకపోతే అది బతకలేదు. ఈ వానాకాలం అక్కడ ఏం వేద్దామో మీరే ఆలోచించి చెప్పండి అని ప్రేయర్‌లో సార్లు అన్నారు. అమెరికాలో నీళ్ళు లేకుండా పెరిగే గడ్డి ఉందంట, విత్తనాలు తెప్పిద్దాం అని కొందరు అన్నారు. కావున ఆ గడ్డి గురించి చదివి, తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. తెప్పించాలా వద్దా అనేది వ్యాసం మధ్యలో చెప్పను, ముందు గడ్డిని చూద్దాం.

దాని పేరు లిటిల్ బ్లూస్టెమ్. తెలుగులో చిన్న నీలికాడ గడ్డి అనవచ్చు (ఈ పేరు నేను పెట్టినది, పరీక్షలో రాయకండి). శాస్త్రీయ నామము స్కైజాకిరియమ్ స్కోపేరియమ్. మొదటి మాటకు గ్రీకులో చీలిన పొట్టు అని, రెండో మాటకు లాటిన్‌లో చీపురు వంటిది అని అర్థం. ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఆంద్రే మిషో గ్రంథం 1803లో అచ్చయింది. అందులో దీనిని ఆండ్రోపోగాన్ స్కోపేరియస్ అని మొదట వర్ణించారు. ఎక్కడో సముద్రాల అవతల గడ్డికి కూడా చీపురు పేరే దొరికింది చూడండి! కొండచీపుర్లు తెలిసిన మనకు ఆ పేరు కొత్త కాదు.

ఇంకో విశేషం. మొక్కల వర్గీకరణలో కుటుంబానికి కింద, ప్రజాతికి పైన "తెగ" అనే మెట్టు ఒకటి ఉన్నది. ఇంగ్లీషులో దాన్ని ట్రైబ్ అనే అంటారు. ఈ గడ్డి ఆండ్రోపోగోనే అనే తెగకు చెందినది. మన జొన్న, మొక్కజొన్న, చెరకు, నిమ్మగడ్డి, వట్టివేరు, రెల్లు, అన్నీ అదే తెగ. అనగా మన జొన్నకు అమెరికాలో ఉన్న చుట్టం ఇది. చుట్టరికం తెలిస్తే దాని స్వభావం సగం తెలిసినట్టే, ఎందుకో కింద చెప్తాను.

ఈ గడ్డి దుబ్బు కడుతుంది, పచ్చిక లాగా నేల మీద పాకదు. రెండు నుంచి నాలుగు అడుగుల ఎత్తు పెరుగుతుంది. వేసవిలో కాడల మొదట్లో నీలం కలిసిన ఆకుపచ్చ. చలికాలం వచ్చేముందు రాగి రంగు, ఇటుక రంగు తిరిగి, మంచు పడ్డా అట్లే నిలబడి ఉంటుంది. కొసలకు తెల్లగా దూది వంటి కంకులు వస్తాయి. చలికాలంలో పిచ్చుకజాతి పక్షులకు ఆ గింజలే తిండి. పక్కన బొమ్మ తొమ్మిదో తరగతి తమ్ముడు స్కెచ్ పెన్నులతో వేశాడు. రాగి రంగు పెన్ను లేక ఎరుపు మీద పసుపు గీశాడు, మీరు రాగి అనుకోండి.

కెనడా దక్షిణం నుంచి మెక్సికో ఉత్తరం దాకా ఇది సహజంగా పెరుగుతుంది. మైనస్ 35 డిగ్రీల చలిలో పైభాగం ఎండినా వేరు బతికే ఉంటుంది. నెబ్రాస్కా రాష్ట్రం 1969లో, కాన్సాస్ రాష్ట్రం 2010లో దీనిని తమ రాష్ట్ర గడ్డిగా ప్రకటించాయి. మనకు రాష్ట్ర పక్షి, రాష్ట్ర జంతువు ఉన్నట్టు వాళ్ళకు రాష్ట్ర గడ్డి కూడా ఉందన్నమాట.

ఇక అసలు ప్రశ్న. నీళ్ళు లేకుండా ఎట్లా బతుకుతుంది?

మొదటి కారణం ఆకులో ఉంది. వరి, గోధుమ వంటి మొక్కలను సి-3 మొక్కలు అంటారు. జొన్న, మొక్కజొన్న, చెరకు, ఈ గడ్డి సి-4 మొక్కలు. మొక్క గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకోవాలంటే పత్రరంధ్రాలు తెరవాలి. తెరిచినప్పుడల్లా లోపలి నీరు ఆవిరైపోతుంది. సి-4 మొక్కలు దొరికిన కొంచెం కార్బన్ డయాక్సైడును ముందు నాలుగు కార్బన్ల పదార్థంగా పట్టుకుని, ఆకు లోపలి ప్రత్యేక కణాలకు పంపి అక్కడ కూడబెడతాయి. కావున వాటికి తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచే పని లేదు. ఒక కిలో ఎండుమేత తయారు కావడానికి సి-3 మొక్కకు పట్టే నీళ్ళలో ఇంచుమించు సగంతోనే సరిపెట్టుకుంటాయి. ఎండ ఎంత గట్టిగా ఉంటే అంత బాగా పనిచేస్తాయి. వరి మడిలో నీళ్ళు ఇంకిపోతే రైతు నిద్రపోడు, జొన్న చేను మాత్రం ఒక వాన తప్పినా తట్టుకుంటుంది. మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన సంగతే, పేరు మాత్రం సి-4.

రెండో కారణం భూమిలో ఉంది. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో జాన్ ఎర్నెస్ట్ వీవర్ అనే ఆచార్యుడు ఉండేవారు. గడ్డి పక్కన మనిషి దిగేంత లోతు కందకాలు తవ్వించి, మట్టిని కొంచెం కొంచెంగా తొలిచి, వేర్లు ఎట్లా ఉన్నాయో అట్లాగే బొమ్మలు గీశారు. చిన్న నీలికాడ గడ్డి వేర్లు అయిదు అడుగులు దాటి దిగుతాయని అట్లా తెలిసింది. ప్రెయిరీ మొక్కల్లో సగం కంటే ఎక్కువ భాగం మనకు కనపడకుండా భూమిలోనే ఉంటుంది. ఏటా కొన్ని వేర్లు చచ్చి అక్కడే కుళ్ళుతాయి. వేల ఏండ్లు అట్లా కుళ్ళగా ఆ నేల నల్లగా, మెత్తగా, వాన నీటిని పీల్చుకునేదిగా తయారయింది.

అట్లని దీన్ని చావు లేని గడ్డి అనుకోవద్దు. 1934 నాటి పెద్ద కరువులో మెరక నేలల మీద ఈ గడ్డే ఎక్కువగా చచ్చిపోయిందని వీవర్ గారే రాశారు. ఇంకా లోతు వేర్లు ఉన్న పెద్ద నీలికాడ గడ్డి దానికంటే బాగా నిలిచింది. నీళ్ళు తక్కువ అడుగుతుంది, అసలే అడగదని కాదు. నేను పెట్టిన తలకాయ పేరును ఆ మేరకు తగ్గించి చదవండి.

అమెరికాలో తోటల్లో దీనిని ఎట్లా పెంచుతారో ఇప్పుడు చెప్తాను. ఇది మనకు పనికొచ్చే భాగం, కొంచెం శ్రద్ధగా చదవండి.

జాగా ఎండలో ఉండాలి, రోజుకు కనీసం ఆరు గంటలు. నీడలో పెడితే కాడలు సాగి పడిపోతాయి. నేల ఇసుకైనా, గరపైనా, సున్నపురాయి నేలైనా సరే, వాన నీరు నిలవకుండా ఉంటే చాలు. నీరు నిలిచే చోట, ముఖ్యంగా చలికాలంలో, దుబ్బు మొదలు కుళ్ళిపోతుంది. పేడ ఎరువు, యూరియా వేయకూడదు! ఇది చదివినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. బలమైన నేలలో ఇది ఎత్తుగా, మెత్తగా పెరిగి గాలికి నాలుగు పక్కలా వాలిపోతుంది, బీద నేలలో అయితే బిగుతుగా నిటారుగా నిలబడుతుంది.

విత్తనం చాలా తేలిక. ఒక కిలోకు 5 లక్షలకు పైగా వస్తాయి. నేల వెచ్చబడిన తర్వాత, అక్కడి మే, జూన్ నెలల్లో, ముందున్న కలుపు అంతా తీసేసి చల్లుతారు. పావు అంగుళం కంటే లోతు పోకూడదు. చల్లి కాలితోనో రోలరుతోనో అణచాలి, విత్తనానికి మట్టి తగలకపోతే మొలవదు. నారు పెట్టేవాళ్ళు మొక్కకు మొక్కకు ఒకటి నుంచి ఒకటిన్నర అడుగు ఎడం ఇస్తారు.

మొదటి సంవత్సరం చాలామంది దిగులుపడతారంట. జానెడు ఎత్తు కూడా ఉండదు, చుట్టూ కలుపు మోకాలి దాకా వస్తుంది. ఆ గడ్డి అప్పుడు కిందికి పెరుగుతూ ఉంటుంది, పైకి కాదు. ఆ ఒక్క ఏడాదే వారానికి ఒకసారి నీళ్ళు పట్టాలి, కలుపు తీస్తూ ఉండాలి. పెద్ద జాగా అయితే కలుపును ఏడెనిమిది అంగుళాల ఎత్తున పైపైనే కోస్తారు, గడ్డి పిలకలు అంతకంటే కిందనే ఉంటాయి కాబట్టి వాటికి దెబ్బ తగలదు. రెండో ఏడు దుబ్బు కడుతుంది, మూడో ఏడు కంకులు నిండుగా వస్తాయి. ఆ తరువాత సంవత్సరానికి ఒక్క పని: చలికాలం చివర నేలకు మూడు నాలుగు అంగుళాలు వదిలి మొత్తం కోసివేయడం. మిగతా మొక్కలు చిగురించినా ఇది వెంటనే లేవదు, బాగా వెచ్చబడితేనే లేస్తుంది. తెలియనివాళ్ళు చచ్చిపోయింది అనుకుని పీకేస్తారు.

దీనితో కలిపి అక్కడి పూలమొక్కలు కూడా వేస్తారు. అందులో మిల్క్‌వీడ్ అనేది మన జిల్లేడుకు చుట్టమే, పాలు కారుతుంది, మోనార్క్ సీతాకోకచిలుక పిల్లపురుగులు దాని ఆకులే తింటాయి. మన జిల్లేడు మీద కూడా నారింజరంగు సీతాకోకచిలుక పురుగులు చూసే ఉంటారు. చిన్న నీలికాడ గడ్డిని తినే పురుగులు వేరే ఉన్నాయి, వాటిలో ఒకటి డకోటా స్కిప్పర్. గడ్డిభూములు పోవడం వల్ల ఆ సీతాకోకచిలుకను 2014లో ప్రమాదంలో ఉన్న జాతిగా అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. 2022లో అక్కడి పూలమొక్కలు పెంచేవారి సంఘం ఈ గడ్డినే ఆ సంవత్సరపు మొక్కగా ఎంచింది. ఒకప్పుడు ఎవరూ నాటకుండానే కోట్ల ఎకరాల్లో ఉన్న గడ్డికి ఇప్పుడు కుండీల్లో పెట్టి బహుమానం ఇస్తున్నారు.

అది ఎట్లా పోయింది? పొడవు గడ్డి ప్రెయిరీ ఒకప్పుడు సుమారు 17 కోట్ల ఎకరాలు. ఇప్పుడు నూటికి నాలుగు ఎకరాలు కూడా మిగల్లేదు. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కాన్సాస్‌లోని ఫ్లింట్ హిల్స్ అనే గుట్టల మీద ఉంది, అక్కడ చెకుముకి రాయి ఉండి నాగలి దిగలేదు. అంతకుముందు ప్రెయిరీ వేర్లను మామూలు నాగలి కోయలేకపోయేది. 1837లో ఇల్లినాయ్‌లో జాన్ డీర్ అనే కమ్మరి ఉక్కు నాగలి చేశాడు. 1862లో హోమ్‌స్టెడ్ చట్టం వచ్చి, వచ్చి దున్నుకున్నవాడికి 160 ఎకరాలు రాసిచ్చారు.

ఎవరి భూమి రాసిచ్చారు? లకోటా, పానీ, ఒసేజ్, కయోవా, కొమాంచీ వంటి తెగల భూమి. వాళ్ళే గడ్డికి అదను చూసి నిప్పు పెట్టి, కొత్త చిగురుకు బైసన్ మందలు వచ్చేటట్టు చేసేవాళ్ళు. కోట్లలో ఉన్న బైసన్ 1889 నాటికి వెయ్యికి అటూ ఇటూ మిగిలింది. 1887లో డావ్స్ చట్టం తెచ్చి, తెగ మొత్తానికి ఉమ్మడిగా ఉన్న భూమిని మనిషికింత అని పట్టాలు చేశారు. మిగిలినదాన్ని బయటివాళ్ళకు ఇచ్చేశారు. 1887లో వాళ్ళ చేతిలో ఉన్నది 13.8 కోట్ల ఎకరాలు, 1934కు 4.8 కోట్లు. ఇంటి దగ్గర పెద్దవాళ్ళు 1/70 గురించి మాట్లాడుకుంటుంటే విన్నవాళ్ళకు ఈ లెక్క తొందరగా అర్థమవుతుంది. వాళ్ళ పిల్లలను తీసుకపోయి పెట్టిన బోర్డింగ్ స్కూళ్ళలో ఒకటి కార్లైల్, పెన్సిల్వేనియాలో 1879 నుంచి 1918 దాకా నడిచింది. అక్కడ జుట్టు కత్తిరించి, ఇంటి భాష మాట్లాడితే శిక్షించేవారు. ఇది గడ్డి పాఠంలోది కాదు, కాని మనమూ హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్ళం గనుక వదిలిపెట్టలేకపోయాను.

దున్నిన నేల ఊరుకోలేదు. 1930లలో వరసగా వానలు పోయాయి. పడమటి మైదానాల్లో గడ్డివేర్లు లేని మట్టి గాలికి లేచింది. 1935 ఏప్రిల్ 14న పట్టపగలే చీకటి పడ్డంత దుమ్ము తుఫాను వచ్చింది, ఆ రోజును నల్ల ఆదివారం అంటారు. అదే నెల 27న నేలను కాపాడే చట్టం చేశారు. ఆ రోజుల్లోనే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్ళు మాడిసన్‌లో పాత పొలాన్ని తిరిగి ప్రెయిరీ చేయడం మొదలుపెట్టారు. ప్రభుత్వ కూలి పథకం కింద వచ్చిన యువకులు మిగిలిన చోట్ల నుంచి గడ్డి దిమ్మలు తవ్వి తెచ్చి నాటారు. కర్టిస్ ప్రెయిరీ అనే పేరుతో అది ఇప్పటికీ ఉంది. నాటితే సరిపోలేదు, కలుపు చంపడానికి అప్పుడప్పుడు నిప్పు పెట్టాలని వాళ్ళకు తర్వాత తెలిసింది. ఆ తెగలవాళ్ళను ముందే అడిగితే చెప్పేవాళ్ళు.

ఇక మన హాస్టల్ సంగతి. విత్తనాలు తెప్పించవద్దు అని నా అభిప్రాయం. డబ్బు గురించి కాదు. ఆ గడ్డి గొప్పతనం అది పుట్టిన నేలలో ఉంది. దాన్ని తినే పురుగు అక్కడుంది, గింజ ఏరుకునే పిట్ట అక్కడుంది. ఇక్కడికి తెస్తే రెండే జరుగుతాయి, బతకదు, లేకపోతే అదుపు తప్పుతుంది. వయ్యారిభామను చూడండి. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఆ కలుపును మన దేశంలో 1950లలో పూణె దగ్గర గుర్తించారు. ఇప్పుడు మన గ్రౌండు చుట్టూ ఏముంది? పోయిన నెల శ్రమదానంలో పీకి చేతులకు దురద పెట్టించుకున్నవాళ్ళు చెప్పాలి.

గడ్డిని కాకుండా పద్ధతిని తెచ్చుకుందాం. బడి వెనక గుట్ట మీద ఎవరూ నీళ్ళు పోయకుండా ఏటా మొలిచే దుబ్బు గడ్డి ఉంది. మా పెంటలో గుడిసెల మీద కప్పే గడ్డిని బోద అంటాం. ఆ పేరుతో పిలిచేవాటిలో ఒకటికంటే ఎక్కువ రకాలున్నాయి, తండాల నుంచి వచ్చినవాళ్ళు వేరే పేర్లు చెప్పవచ్చు. వాటిలో పొట్టి రకం ఏదో మీ ఇంటి పెద్దవాళ్ళను అడిగి రండి. అడవిగడ్డిని తక్కువ చేయవద్దు. మన దేశపు చెరకును గట్టిపరచింది కూడా రెల్లే: కోయంబత్తూరులో వెంకట్రామన్ గారు చెరకును అడవి రెల్లుతో సంకరం చేసి తీసిన రకాల్లో మొదటి పేరున్నది కో 205.

జాగా కింది అంచున, వాన వస్తే మట్టి కొట్టుకుపోయే చోట, వట్టివేరు పెట్టాలి. దాని వేర్లు మూడు మీటర్ల దాకా నిలువునా దిగుతాయి, సాగులో ఉన్న రకాలు గింజతో వ్యాపించవు గనుక అదుపు తప్పే భయం లేదు. కర్ణాటకలో గుండ్లుపేట వైపు రైతులు తరతరాలుగా పొలం హద్దుల మీద దీన్ని పెడుతున్నారు. దుబ్బును పిలకలుగా విడదీసి, ఆకును జానెడు ఉంచి కోసి, వాలుకు అడ్డంగా ఒకే వరసలో అర అడుగుకు ఒకటి నాటాలి. వరసలో సందు ఉంటే నీళ్ళన్నీ ఆ సందులో నుంచే పోయి ఇంకా పెద్ద గండి పడుతుంది.

పాముల సంగతి వార్డెన్ సారు తప్పకుండా అడుగుతారు, అడగాలి కూడా. కావున వరండా నుంచి పదిహేను అడుగుల దాకా ఏమీ నాటవద్దు, ఊడ్చిన నేలగానే ఉంచాలి. గడ్డి అంతా ప్రహరీ వైపు వాలులోనే. మధ్యలో నాలుగు అడుగుల దారి, రాత్రిపూట అటు పోకూడదు. అమెరికాలో కూడా కొన్ని ఊళ్ళల్లో ఇంటి ముందు గడ్డి అడుగుకు మించి పెరిగితే జరిమానా వేస్తారు. అందుకే అక్కడ ప్రెయిరీ గడ్డి వేసినవాళ్ళు చుట్టూ శుభ్రంగా దారి కోసి ఉంచుతారు, చూసేవాళ్ళకు ఇది పెంచినది, పాడుపెట్టినది కాదు అని తెలియాలని. ఎండిన గడ్డికి నిప్పు భయం ఉంటుంది కాబట్టి గింజ రాలిన తర్వాత ఫిబ్రవరిలోనే కోసివేయాలి. కోసినది చెట్ల మొదళ్ళలో పరచవచ్చు, వంటగది దగ్గర మాత్రం వేయవద్దు.

మొదటి ఏడు వానలు ఎడం ఇచ్చినప్పుడు మాత్రం నీళ్ళు కావాలి. పచ్చికకు పెట్టినట్టు బోరు నీళ్ళు అక్కర్లేదు, మనం పళ్ళేలు కడిగిన నీళ్ళు పంపు దగ్గర నుంచి ఊరికే కాలవలోకి పోతున్నాయి, వాటిలో అన్నం మెతుకులు ఏరి బకెట్లతో పోయవచ్చు. నేను లెక్క చూశాను, మన బ్లాకుకు మాత్రమే పూటకు పదిహేను బకెట్ల పైన పోతున్నాయి.

తొలకరి పడి నేల రెండు జానల లోతు తడిసిన తర్వాత గుట్ట మీద నుంచి దుబ్బులు తేవాలి. ఒక్కో చోట అన్నీ తవ్వకుండా నాలుగింట ఒకటి తీయాలి, వేరుతో మట్టి గడ్డ విడిపోకుండా తడి గోనెలో చుట్టి అదే సాయంత్రం నాటాలి. వార్డెన్ సారు ఒప్పుకుంటే ఎనిమిది, తొమ్మిది తరగతులవాళ్ళు రెండు ఆదివారాల్లో ముగించగలరు. స్టోర్ రూములో పలుగులు రెండున్నాయి, పార ఒకటే ఉంది, దానికి కామ విరిగింది.

— 10వ తరగతి విద్యార్థి